వేలు తడిపి పేజీ తిప్పే అలవాటు

(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య చదివిన పుస్తకం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇటలీ రచయిత ఉంబెర్టో ఎకో నవల అది. 1980లో వెలువడింది. 1983లో విలియం వీవర్ చేసిన ఇంగ్లీషు అనువాదం 'ది నేమ్ ఆఫ్ ది రోజ్' నేను చదివాను.

కథాకాలం 1327. ఉత్తర ఇటలీ కొండల్లో ఒక క్రైస్తవ మఠం. ఏడు రోజుల్లో సన్యాసులు ఒకరి తరువాత ఒకరు చనిపోతుంటారు. విలియం అనే సన్యాసి, అడ్సో అనే కుర్ర శిష్యుడు విచారణ చేస్తారు. అక్కడి గ్రంథాలయం ఒక పద్మవ్యూహం. గ్రంథపాలకుడు తప్ప ఇతరులు లోపలికి పోరాదని కట్టడి. ఎముకల గుట్టల మధ్య నుంచి రహస్య మార్గం ఉంటుంది. రాత్రిపూట చదువుతూ రెండుసార్లు లేచి తలుపు గడియ చూసుకున్నాను.

నవల వచ్చి నలభై ఏళ్ళు దాటింది గనుక రహస్యం చెప్పేస్తాను. హాస్యం గురించి అరిస్టాటిల్ రాసిన గ్రంథం అక్కడ దాచి ఉంటుంది. జనం నవ్వడం నేర్చుకుంటే దైవభయం పోతుందని హోర్హె అనే కళ్ళు లేని వృద్ధ సన్యాసి దాని పేజీలకు విషం పూస్తాడు. చదివేవాడు వేలు నాలుకకు తడుపుకుని పేజీలు తిప్పుతాడు, అంతే!

అక్కడ పుస్తకం మూసి నా చూపుడు వేలు చూసుకున్నాను. సర్వీసంతా మనం ఫైళ్ళు తిప్పింది అలాగే కదా! స్పాంజి డబ్బా ఎదురుగా ఉన్నా వేలు నాలుక మీదికే పోయేది.

నవ్వుకున్నాక ఒక సంగతి గుర్తొచ్చింది. నేను రికార్డు రూములో ఉండగా, భర్త పోయిన ఒకావిడ ఫ్యామిలీ పెన్షన్ పని మీద ఆయన సర్వీసు రిజిస్టరు కోసం వచ్చారు. "దొరకలేదమ్మా, వచ్చే వారం రండి" అని మూడుసార్లు తిప్పాను. నిజానికి వెతకలేదు. పై అర దుమ్ముకు బద్ధకించాను. నాలుగోసారి ఆవిడ ఏమీ అడగకుండా బల్ల దగ్గర నిలబడ్డారు. నిచ్చెన ఎక్కితే పావుగంటలో దొరికింది. కాపలా ఉన్నవాడికి ఆ కాగితం తన సొత్తనిపించడమే అసలు జబ్బు. హోర్హెకూ అదే, నాకూ అదే.

నవల చివర గ్రంథాలయం తగలబడిపోతుంది. ఏళ్ళ తరువాత అడ్సో వచ్చి శిథిలాల్లో మిగిలిన చర్మపత్రాల ముక్కలు ఏరుకుంటాడు.

మన ఇళ్ళలోనూ రికార్డు రూములున్నాయి. పి.పి.ఓ., పాసుపుస్తకం, నామినేషన్ కాగితాలు బీరువాలో పెట్టి తాళంచెవి మన దగ్గరే ఉంచుకుంటాం. రేపు మనం లేకపోతే వాటి కోసం తిరగవలసింది మన ఇంటివాళ్ళే. ఇవాళ ఇంటికి వెళ్ళగానే అవి ఎక్కడున్నాయో వాళ్ళకు చూపించండి. నేను గత వారం చూపించాను. "ఇన్నాళ్ళకు తాళం ఇచ్చారా!" అని మా ఆవిడ నవ్వింది.