అలలకొఱకు నియాస్ యాత్ర



మన తీరమున సముద్రమునకు పోవువాడు చేపలకొఱకు పోవును, లేదా పర్వదినమున స్నానమునకు పోవును. వట్టి అలకొఱకు దేశాంతరము పోవువారు గలరని వినినప్పుడు నాకు నవ్వు వచ్చినది. కాని మా మనుమనికి ఆ వ్యసనము పట్టినది. నిలువెత్తు పలకపై బోరగిల పరుండి, చేతులతో నీరు త్రోసికొనుచు లోనికి పోయి, అల లేచినంతనే పలకపై నిలిచి దాని వాలు వెంట జారివచ్చు క్రీడ యది. సర్ఫింగు అందురు. వానితో గూడ ఇండొనేషియా దేశమున నియాస్ ద్వీపమునకు, అందు లగుంద్రి అఖాతము నొడ్డునగల సొరాకె యను పల్లెకు నేనును పోయివచ్చితిని.

సుమత్రాద్వీపమున మెదాను నగరమునందు విమానము దిగి, తోబా సరస్సు మీదుగా దినమంతయు కొండదారిని ప్రయాణించి, పడమటి తీరమునందలి సిబోల్గా రేవు చేరితిమి. దానికి వాయవ్యమున బారుస్ అను ప్రాచీనపు రేవు కలదు. మనము తీర్థమున కలుపు పచ్చకర్పూరమునకు అది పూర్వము ప్రసిద్ధస్థానము. దక్షిణాపథపు వర్తకశ్రేణివారి తమిళశాసనము, క్రీ.శ. 1088 నాటిది, అచ్చట దొరికినది. గణపతిదేవ చక్రవర్తి 1244లో మన మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమునందును సుంకము గల సరకులలో కర్పూరము చెప్పబడినది. కావున ఈ దారి మనవారికి క్రొత్తది కాదు, నడుమ మఱచితిమి.

రాత్రి ఓడనెక్కి తెల్లవాఱునప్పటికి గునుంగ్ సితోలి పట్టణమున దిగి, అచ్చటనుండి దక్షిణముగా మూడు గంటలు పోయితిమి. ఎదురైన ప్రతివాడును "యాఅహోవు" అని పలుకరించెను. అది వారి కుశలవాక్యము. కొబ్బరితోటలు, ఒడ్డు పొడుగున చిన్న చిన్న బసలు, వరియన్నము, చేపలు. శాకాహారినగు నాకు అన్నమును అరటిపండును చాలినవి.

ఇక అల సంగతి. హిందూమహాసముద్రపు దక్షిణపుటంచున పుట్టిన తుఫానులు నీటిని కదలించును. ఆ కదలిక వేలమైళ్లు దినములతరబడి నడచి, ముఖ్యముగా ఏప్రిలు మొదలు అక్టోబరు వఱకు, ఈ అఖాతము చేరును. ఇచ్చట నీటి యడుగున పగడపు దిబ్బ కలదు. అడుగు తగిలినంతనే అల పాదము వెనుకబడును. శిరస్సు ముందుకు దూకి విఱుగును. దిబ్బ ఏటవాలుగ నుండుటచే అంతయు నొక్కసారి విఱుగక, చాప చుట్టినట్లు ఒక కొననుండి రెండవ కొనకు విఱుగుచు పోవును. 1975లో ఆస్ట్రేలియా యువకులు దీనిని కనుగొనిరి. అప్పటినుండి లోకము నలుమూలలనుండియు వచ్చుచున్నారు.

28 మార్చి 2005 రాత్రి 11 గంటల ప్రాంతమున, 8.6 ప్రమాణము గల భూకంపము ఈ ద్వీపమును కుదిపినది. వందలకొలది జనులు మడిసిరి. పడమటి తీరమున భూమి కొన్నిచోట్ల ఎనిమిదడుగులకు మించి పైకి లేచెను. లగుంద్రి దిబ్బయు లేచినది. అందువలన అల మునుపటికంటె దిట్టమైనదని, లోపల గుహవలె బోలుగా విచ్చుచున్నదని మా మనుమడు సంతోషముతో చెప్పెను.

మా బస యజమాని నా యీడువాడు. మనుమడు కొంత వారి భాష నేర్చియుండుటచే మాకు మాటలు సాగినవి. "అల మంచిదైనదందురు గదా?" అని నేనడిగించితిని. "వచ్చినవారందఱు నట్లే యందురు. ఆ అలయే నా కొడుకులకు అన్నము పెట్టుచున్నది. ఆ రాత్రియే నా చెల్లెలు ఇంటిక్రింద పడిపోయినది," అని యాతడు సముద్రమువంక చూచెను. మా మనుమడు ఆ సాయంకాలము పలక ముట్టలేదు.

ఆమె యిల్లు సిమెంటుది. మఱునాడు కొండమీది బావొమతలువో గ్రామమునకు పోయితిమి. ఆ పేరునకు సూర్యగిరి యని యర్థము. యువకులు మీటరు రెండింటికి మించిన ఱాతిదిమ్మెను దుముకు చోటు అదియే. నన్ను నిలిపినవి మాత్రము ఆ యిండ్లు. ఇనుపమేకు లేదు. లావుపాటి స్తంభములు నేలలో పాతబడక ఱాళ్లపై నిలిచియున్నవి. వానికి తోడు ఏటవాలు ఊతకఱ్ఱలు. భూమి కదలిన ఇల్లును కదలి నిలుచును. ఆ రాత్రి ఇట్టి పాత యిండ్లు చాలవఱకు నిలిచినవి. పట్టణపు మేడలు కూలినవి. మనము పూరికప్పు చూచి పేదతన మనుకొందుము.

దీనికి మూడు నెలల ముందు, 26 డిసెంబరు 2004న, ఈ ప్రాంతపు కంపమే మన కోస్తాను గూడ ముంచినది. అల మనయొద్దకు వచ్చుటకు రెండు గంటలకు పైగా పట్టినను చెప్పువాడు లేడాయెను. నూరుమందికి పైగా మన రాష్ట్రమున మరణించిరి. ఇప్పుడు హైదరాబాదునందే హెచ్చరిక కేంద్రము కలదు, 2007లో ఏర్పడినది. ఈ సంగతి యజమానికి చెప్పితిని. "మీకు వార్త రావలెను. మాకు భూమి కదలుటయే వార్త," అనెను.

మేము చేరిన దినమున, గది చూపుటకు ముందు, ఆతడు మమ్ము ఇంటివెనుకకు తోడ్కొనిపోయి కొండకెక్కు కాలిబాటను చూపెను. అప్పుడు నాకు వింతగా తోచినది. వచ్చిన ప్రతి అతిథికిని మొదట అదియే చూపునట.