శీర్షిక దిద్దు నధికారము



బిడ్డకు పేరిడువారు తలిదండ్రులు. మరి, వ్యాసమునకు పేరిడువాడు రచయితయా, సంపాదకుడా? నేటి ప్రసంగవిషయ మిదియే.

కొన్నియేండ్ల క్రిందట, చెరకుతోటల మా చోడవరమునుండి, "చెరువు తూము బాగుచేయవలెను" అను శీర్షికతో నొక పత్రికకు లేఖ వ్రాసితిని. అది "రైతుల తిరుగుబాటు" అను పేర నచ్చయ్యెను. లోపలి మాట యొక్కటియు మారలేదు. కాని శీర్షిక మాత్రమే చూచిన యధికారి నాపై కినిసెను. తూము మాట మరుగుపడెను.

అట్లని పేరు మార్చుట యెల్లప్పుడును దోషము గాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి "రాజశేఖర చరిత్రము" 1880లో గ్రంథముగా వెలువడెను. హచిన్సను దొర దాని నాంగ్లమున కనువదించి, 1887లో లండనునందు "ఫార్చ్యూన్స్ వీల్", అనగా భాగ్యచక్రము, అను పేర ప్రకటించెను. సిరి పోవుటయు, మరల వచ్చుటయు నా కథకు ప్రాణము. కావున నా పేరు పరదేశి పాఠకునకు కథ నెరిగించెనే కాని వంచింపలేదు.

శీర్షిక విషయమును దెలుపనిచో, పరుల నూరక నొప్పించునదైనచో, సంపాదకుడు దిద్దవచ్చును. కాని ముందుగా రచయిత నడుగవలెను. వ్యవధి లేనిచో, మార్చినది తానేయని క్రింద నొక పంక్తి చేర్చవలెను. ఏలయన, నింద మోయువాడు సంతకము చేసినవాడే.

పెద్దలారా! మీలో పలువురు చదువురానివారి యర్జీలు వ్రాసిపెట్టుదురు. "విషయము" అను పంక్తిని వ్రాసిన పిమ్మట వారికి చదివి వినిపింపుడు. వారు ఔనన్న తరువాతనే వ్రేలిముద్ర వేయింపుడు.

సెలవు.