పార్ట్ టూ ఆర్డర్‌లో పడని పని
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ వెళ్ళాక సొంత పని పెట్టుకుందామనుకునే ఇంజనీరింగ్ ట్రేడుల వాళ్ళకు నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను ఇంటర్ చదివినవాణ్ణి. మద్రాస్ సాపర్స్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేరి, 2017లో సుబేదారుగా బయటికొచ్చాను. మన ఇంజనీరు సాబ్ ఒకరు పెట్టిన చిన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టు సంస్థలో లైసెన్సుల ఫైళ్ళు చూస్తున్నాను. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక మూడు చోట్లా మాకు పనులున్నాయి. డిజైన్ల గురించి చెప్పేంత చదువు నాకు లేదు. కాగితాల గురించి చెబుతాను.

సర్వీసులో మన ట్రేడు దేశమంతా చెల్లుతుంది. లేహ్‌లో పనిచేసిన ఎలక్ట్రీషియన్ని జైసల్మేర్ పోస్టింగు వేస్తే, నీకు పని వచ్చా అని అక్కడ ఎవరూ అడగరు. బయట ఆ లెక్క వేరు. ఆర్కిటెక్టులకు 1972 చట్టం ఉంది, ఒకసారి కౌన్సిల్‌లో నమోదైతే ఏ రాష్ట్రంలోనైనా ఆర్కిటెక్టే. ఇంజనీర్లకు అలాంటి ఏర్పాటు లేకపోబట్టే 2025లో ప్రొఫెషనల్ ఇంజనీర్స్ బిల్లు ముసాయిదాను అభిప్రాయాల కోసం బయట పెట్టారు.

మా కరెంటు పని సంగతి చూడండి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనల ప్రకారం బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ లాంటివి మార్చడం తప్ప మిగతా వైరింగు పనిని రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన కాంట్రాక్టరే చేయించాలి. సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండాలి. చేసేవాడికి పర్మిట్ ఉండాలి. ఆ కాగితాలు ఆ రాష్ట్రం ఇచ్చినవో, గుర్తించినవో అయి ఉండాలి. మన ఊళ్ళ సంగతే తీసుకోండి. 2014 జూన్ 2 దాకా విజయవాడకైనా వరంగల్‌కైనా రాష్ట్రం ఒక్కటే. ఆ తర్వాత రాష్ట్రాలు రెండు, బోర్డులు రెండు, రెన్యువల్ తేదీలు రెండు.

మా యూనిట్ హవల్దారు ఒకడు ఉండేవాడు. పనిలో దిట్ట. మంచులో జనరేటర్ మొరాయిస్తే రాత్రంతా దాని పక్కనే కూర్చునే మనిషి. పెన్షన్ వచ్చాక సూపర్‌వైజర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టాడు. డిశ్చార్జి బుక్ చూపించాడు. అందులో క్యారెక్టర్ ఎగ్జెంప్లరీ అని ఉంది. ఆ గుమాస్తా, "చాలా సంతోషం సార్, కానీ ఎన్ని కేవీఏ?" అన్నాడట. ఏ ఏడు, ఎక్కడ, ఎంత వోల్టేజి మీద, ఎవరి కింద పనిచేశాడన్నది ఒక్క కాగితంలోనూ లేదు. సంతకం పెట్టాల్సిన సాబ్‌లలో ఒకరు రిటైరయ్యారు, ఇంకొకరు పోస్టింగు మీద ఎక్కడికో వెళ్ళారు. పధ్నాలుగు నెలలు తిరిగాడు. ఈలోగా చేతికొచ్చిన రెండు అపార్టుమెంట్ల పని వేరేవాళ్ళకు పోయింది. ఆ గుమాస్తాను నేను తప్పుపట్టను. రేపు షార్టు సర్క్యూట్ అయి ఇల్లు తగలబడితే అడిగేది అతన్నే.

మన దగ్గర పెళ్ళయినా, బిడ్డ పుట్టినా, కోర్సు పాసైనా పార్ట్ టూ ఆర్డర్‌లో పడాలి. పడకపోతే రికార్డు ఆఫీసుకు సంబంధించినంతవరకూ అది జరగలేదు. అంత అలవాటున్న మనం, చేసిన పనికి మాత్రం పార్ట్ టూ ఆర్డర్ రాసుకోం!

మా మేనల్లుడు డల్లాస్‌లో సివిల్ ఇంజనీరు. టెక్సాస్ లైసెన్సు ఉంది, అయినా పక్కనున్న ఓక్లహోమా పనికి డ్రాయింగు మీద సీలు వేయాలంటే అక్కడి బోర్డు లైసెన్సు కావాలి. 1937లో టెక్సాస్‌లోని న్యూ లండన్ స్కూల్లో గ్యాసు పేలి సుమారు 300 మంది చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది పిల్లలే. ఆ ఏడాదే అక్కడ ఇంజనీర్ల లైసెన్సు చట్టం వచ్చింది. మావాడు సొంత ఆఫీసు పెట్టేముందు ఎన్.సి.ఇ.ఇ.ఎస్. అనే సంస్థలో రికార్డు తెరిచాడు. మార్కుల జాబితా, పరీక్షల ఫలితాలు, పై ఇంజనీర్లు ధ్రువీకరించిన అనుభవం, రిఫరెన్సులు అన్నీ ఒకచోట ఉంటాయి. ఏ రాష్ట్రం బోర్డు కావాలంటే ఆ బోర్డుకు ఆ సంస్థే పంపుతుంది. అనుభవాన్ని మాత్రం ఉద్యోగం మారినప్పుడల్లా అప్పటికప్పుడే రాయించుకున్నానని చెప్పాడు. మనకు అలాంటి సంస్థ లేదు కనుక ఆ పని మనమే చేసుకోవాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. సర్వీసులో ఉంటూ ఏ.ఎం.ఐ.ఇ. చదివినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. 2013 మే 31 లోపు నమోదైనవాళ్ళకే దాన్ని డిగ్రీతో సమానంగా కేంద్రం గుర్తించింది. అంటే పాసైన తేదీ ఒక్కటే చాలదు, చేరిన తేదీ కాగితం కూడా ఉండాలి. సర్టిఫికెట్‌ను ఫ్రేము కట్టించి గోడకు తగిలించి, ఆ నమోదు ఉత్తరాన్ని పాత పేపర్లలో అమ్మేసినవాళ్ళు నాకు తెలుసు.

సొంత సంస్థ పెట్టేవాళ్ళు సూపర్‌వైజర్ సంగతి కూడా మరవకండి. కాంట్రాక్టు లైసెన్సు అతని సర్టిఫికెట్ మీదే నిలబడుతుంది. అతను మానేస్తే బోర్డుకు తెలియజేసి ఇంకొకర్ని చూపాలి. మా ఆఫీసులో ప్రతి మనిషికీ ఒక పేజీ, ప్రతి రాష్ట్రానికీ ఒక గడి. గడువుకు 90 రోజుల ముందు తేదీని ఎర్ర సిరాతో రాస్తాం. కంప్యూటర్లోనూ ఉంది గానీ, నాకు రిజిస్టరు మీదే గురి.

దాని నమూనా పేజీలు, పని అనుభవం రాయించుకునే కాగితం నమూనా తెచ్చాను. టీ టైములో ఆ చివరి బల్ల దగ్గర ఉంటాను. వచ్చే ఏడు పెన్షన్ వెళ్ళే హవల్దార్లు, నాయక్‌లు ముందు రండి. సంతకం పెట్టే సాబ్ మీకింకా యూనిట్‌లోనే ఉన్నారు.

జై హింద్.