వెనుక తగిలించిన బండి కూడా మన బాధ్యతే

(బిలాస్‌పూర్ గోల్ బజార్‌లో జరిగిన రైల్వే, తపాలా కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన సోదరులు జీతభత్యాలను గూర్చి, ఖాళీల భర్తీని గూర్చి వివరముగా చెప్పినారు. నేను ఎత్తుకొన్న విషయము మీకు చిన్నదిగా తోచవచ్చును. జీపు వెనుకనో, కారు వెనుకనో ట్రెయిలర్ తగిలించి లాగునపుడు పాటించవలసిన జాగ్రత్తలను గూర్చి నేను మాట్లాడదలచినాను. క్వార్టరు మారినప్పుడు, ఇంట పెండ్లి జరిగినప్పుడు, మన సంఘము సభ పెట్టినప్పుడు ఇదే బజారులో సామాను ఎక్కించి, జీపుకు తగిలించి, “ఇక పోనివ్వు” అని పంపిన వారు మనలో చాలామంది ఉన్నారు. నేనును వారిలో ఒకడిని.

బండికి బండిని తగిలించే విద్య మనకు కొత్తది కాదు. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైన ఊరు ఇది. 2022 ఆగస్టు 15న ఈ మండలములోనే 295 వ్యాగన్లను ఒకే బండిగా కూర్చి, ఆరు ఇంజన్లతో, సుమారు 27,000 టన్నుల బొగ్గును కోర్బా నుండి రాజ్‌నంద్‌గావ్‌కు నడిపినారు. ‘సూపర్ వాసుకి’ అని పేరు పెట్టిన ఆ బండి పొడవు మూడున్నర కిలోమీటర్లు. అంత పొడవైన బండిని కదిలించగలిగినది ఇంజన్ల బలము ఒక్కటే కాదు. ప్రతి కప్లింగును పరీక్షించిన చేతులు, ప్రతి బ్రేకు గొట్టమును కలిపిన చేతులు దానిని నడిపినవి.

ఆ జాగ్రత్త ఊరకే రాలేదు. 1889 జూన్ 12న ఐర్లండు దేశములో ఆర్మా పట్టణము వద్ద ఒక విహారయాత్ర రైలు ఎత్తు ఎక్కలేక నిలిచిపోయినది. వెనుక పెట్టెలను విడదీసి, ముందు భాగమును తీసికొనిపోదామని ప్రయత్నించినారు. విడిన పెట్టెలు వాలులో వెనుకకు దొర్లి, వచ్చుచున్న మరొక రైలును ఢీకొన్నవి. దాదాపు 80 మంది మరణించినారు. వారిలో పిల్లలు అనేకులు. ఆ సంవత్సరమే బ్రిటిష్ పార్లమెంటు ప్రయాణీకుల రైళ్లకు నిరంతర స్వయంచాలక బ్రేకును తప్పనిసరి చేస్తూ చట్టము చేసినది. నేడు మన రైలు మధ్యలో తెగిపోతే గొట్టము విడి గాలి బయటికి పోవును. రెండు భాగములకు బ్రేకులు వాటంతటవే పడును. తగిలించిన బండి తెగిపోయినను తానుగా ఆగవలెను. ఇదే ఆర్మా నేర్పిన పాఠము.

ఇప్పుడు మన జీపు వెనుక ట్రెయిలర్‌ను చూడండి. చాలా వాటికి సొంత బ్రేకు లేదు. గొలుసు లేదు. పిన్ను పోతే దాని స్థానములో ఏదో ఇనుప కడ్డీ. యూరపు దేశాలలో మొత్తపు బరువు 750 కిలోలు మించిన ట్రెయిలర్‌కు సొంత బ్రేకు ఉండి తీరవలెను. మనము అంతకు మించిన బరువును బ్రేకు లేని బండిపై వేసి, తాడుతో కట్టి, దేవునిపై భారము వేస్తున్నాము.

నా అనుభవము ఒకటి చెప్పక తప్పదు. పదిహేనేండ్ల క్రిందట ఒక సభ కొరకు కుర్చీలు, షామియానా, వంట పాత్రలు అద్దె ట్రెయిలర్‌లో ఎక్కించినాము. పిన్ను సరిగా లేదని డ్రైవరు నాతో చెప్పినాడు. “ఆలస్యమగుచున్నది, నెమ్మదిగా పోనివ్వు” అన్నాను. స్పీడ్ బ్రేకర్ మీద కడ్డీ ఎగిరిపోయినది. విడిన ట్రెయిలర్ పక్కకు మళ్లి, సైకిలుపై వచ్చుచున్న మన తపాలా సోదరుని కాలు విరుగగొట్టినది. అటు తరువాత జరిగినది ఇంకను సిగ్గుచేటు. మా కమిటీలో అందరము తప్పు డ్రైవరుదే అన్నాము. యాజమాన్యము మన పట్ల చేసే అన్యాయమునే మేము ఆ డ్రైవరు పట్ల చేసినాము. అతడు చెప్పిన మాటను నేను విన్నానని ఆనాడు ఒప్పుకొనలేదు. ఈనాడు మీ అందరి ఎదుట ఒప్పుకొనుచున్నాను.

కాబట్టి చేయవలసినది వినండి.

మొదటిది బరువు. మీ వాహనము ఎంత లాగగలదో దాని పుస్తకములో ఉండును, అంతకు మించరాదు. బరువైన సామాను ఇరుసుకు దగ్గరగా, కొంచెము ముందుకు ఉండవలెను. ట్రెయిలర్ మొత్తపు బరువులో సుమారు పదవ వంతు హుక్కుపై పడవలెను. 500 కిలోల ట్రెయిలర్ అయితే హుక్కుపై 50 కిలోలు. అయితే వాహనపు హుక్కుకు నిర్ణయించిన పరిమితిని దాటరాదు. ట్రెయిలర్ ముక్కు ఒక చేతితో తేలికగా పైకి లేచిందంటే బరువు వెనుకకు పోయినదని అర్థము. అట్టి బండి వేగము పెరిగిన కొద్దీ తోక ఊపును.

రెండవది తగిలింపు. కొలతకు తగిన పిన్ను, దానికి తాళపు క్లిప్పు ఉండవలెను. రెండు గొలుసులను కడ్డీ క్రింద అడ్డముగా, ఒకదానిపై ఒకటి దాటునట్లు తగిలించవలెను. హుక్కు జారినను ముక్కు నేలను తాకక ఆ ఉయ్యాలలో నిలుచును. వెనుక లైట్లు, టైర్ల గాలి పరీక్షించవలెను. విప్పుటకు ముందు చక్రముల క్రింద దిమ్మెలు పెట్టవలెను.

మూడవది నడక. వేగము 40 నుండి 60 కిలోమీటర్లకు పెరిగితే బ్రేకు అణచవలసిన శక్తి రెండింతలు దాటును. కనుక ముందు బండికి దూరము పెంచండి. దిగుడులో తక్కువ గేరులో దిగండి. మలుపులో ట్రెయిలర్ లోపలి వైపునకు కోసుకొని వచ్చును. మూలన నిలిచిన మనిషిని మరువకండి. తోక ఊపడం మొదలైతే బ్రేకును గట్టిగా తొక్కరాదు, వేగము పెంచరాదు. యాక్సిలరేటరు వదలి, స్టీరింగును నిటారుగా పట్టుకొనవలెను. వెనుకకు పోవునపుడు స్టీరింగు అడుగు భాగమును పట్టుకొని, ట్రెయిలర్ ఏ వైపు పోవలెనో ఆ వైపునకు చేయి జరుపండి. వెనుక ఒక మనిషి నిలిచి దారి చూపవలెను.

నాలుగవది, ట్రెయిలర్‌లో మనుషులను ఎక్కించరాదు. 2018 జూన్ 24న తెలంగాణలో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ సమీపమున కూలీలను ఎక్కించుకొన్న ట్రాక్టరు ట్రెయిలర్ మూసీ కాలువలో పడి 15 మంది మరణించినారు. వారిలో అత్యధికులు కూలికి బయలుదేరిన ఆడవారు. సామాను బండి మనిషి బండి కాదు.

ఐదవది కాగితములు. 1988 మోటారు వాహనముల చట్టము ట్రెయిలర్‌ను ప్రత్యేకముగా నిర్వచించినది. దాని రిజిస్ట్రేషను ఉన్నదా, బీమాలో అది చేరినదా అని అద్దె ఇచ్చువానిని అడగండి. ప్రమాదము జరిగిన పిదప అడిగితే గాయపడిన కుటుంబము కోర్టుల చుట్టు తిరుగవలసి వచ్చును.

సోదరులారా! పార్శిలు ట్రాలీలను లాగువారు, తపాలా సంచులను మోయు బండ్లను నడుపువారు, కాంట్రాక్టు డ్రైవర్లు, వీరిలో ఎవరైనను “ఈ కప్లింగు బాగులేదు, నేను కదలను” అని చెప్పినప్పుడు ఆ మాటకు విలువ ఉండవలెను. ఆ మాట చెప్పినందుకు శిక్ష పడరాదు. ఈ హక్కును యాజమాన్యము నుండి సాధించుటకు ముందు మన సంఘపు సభలలో, మన ఇంటి పనులలో మనము పాటించవలెను.

2022లో గార్డు హోదాకు ట్రైన్ మేనేజర్ అని పేరు మారినది. అంతా సరిగా ఉన్నదని చూడక బండికి జెండా చూపరాదన్న ధర్మము మాత్రము మారలేదు. ఆ ధర్మమును ఈ గోల్ బజార్ రోడ్డు మీదికి తీసికొని రండి. ఆ రోజు నేను చూపకూడని జెండా చూపినాను. మీరు చూపకండి.