పాత విమానం చార్జి తీసుకున్న వైనం

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



"రిటైరయ్యాక కాలక్షేపం" అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడడానికి నాకంటె అర్హులు ఈ వేదిక మీదనే ఉన్నారు. కనుక నేను చేసిన ఒక పని గురించి మాత్రం చెబుతాను. ఒక పాత రేడియో కంట్రోల్ విమానాన్ని నేనూ మా మనవడూ కలిసి బాగుచేశాం. బొమ్మ విమానం అనగానే అరచేతిలో పట్టేది అనుకోకండి. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు తొమ్మిది అడుగులు. బరువు పది కిలోల పైమాట. ముక్కున 62 సి.సి. పెట్రోలు ఇంజను.

నేను 1972లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. ఆ ఏడాది మార్చిలోనే ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి శంషాబాదుకు తరలిపోయాయి. ఇప్పుడు మేము ఉండేది ఖాజాగూడలో, మా అబ్బాయి ఫ్లాటులో. 1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ వెలిసిన తరువాత ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ మారిపోయాయి. ఖాజాగూడలో గుట్టలూ చెరువూ ఇంకా ఉన్నాయి గాని, వాటిని చూడాలంటే రెండు అపార్టుమెంట్ల సందులోంచి చూడాలి.

ఈ ఐ.టి. ప్రాంతంలో ఒక విశేషం గమనించాను. కుర్రవాళ్లు ముచ్చటపడి ఖరీదైన వస్తువులు కొంటారు. కంపెనీ వాళ్లను మరో దేశం పంపగానే అవి సెల్లారులో మూలపడతాయి. మా బ్లాకులో ఒక ఇంజనీరు 2023లో విదేశానికి వెళుతూ, దుమ్ము కొట్టుకున్న ఈ విమానాన్ని "అంకుల్, మీ మనవడికి ఇవ్వండి" అని మా గుమ్మంలో పెట్టి వెళ్లాడు. అదీ అతను కొన్నది కాదట. అంతకు ముందు ఇంకొకరి దగ్గర ఉండేదట. ఎవరు తయారుచేశారో, చివరిసారి ఎప్పుడు ఎగిరిందో కాగితం ముక్క లేదు. మన భాషలో చెప్పాలంటే, నోట్ ఫైలు లేని కరెంట్ ఫైలు.

అది "పుష్పక్" అనే విమానానికి నాలుగో వంతు నమూనా. పెద్దవాళ్లలో కొందరికి పుష్పక్ గుర్తుండవచ్చు. బెంగుళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థలో డాక్టర్ వి.ఎం. ఘాటగే నాయకత్వంలో రూపొంది, 1958లో మొదటిసారి ఎగిరింది. ఇద్దరు కూర్చునే చిన్న విమానం. మన దేశంలో ఫ్లయింగ్ క్లబ్బులలో ఎందరో దానిమీదనే నేర్చుకున్నారు. అసలు విమానం రెక్కలు 36 అడుగులు, కనుక మా నమూనాకు తొమ్మిది అడుగులు.

మనవడు అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. వాడి మొదటి ప్రశ్న "తాతా, ఏం రంగు వేద్దాం?" అని. "ముందు చార్జి తీసుకుందాంరా" అన్నాను. మనలో ఎవరైనా స్టోర్సు సెక్షనులో చార్జి తీసుకున్నవారుంటే నా మాట అర్థమవుతుంది. రిజిస్టరులో ఉన్నదని సంతకం పెట్టం. బీరువా తెరిచి, లెక్కపెట్టి, చేత్తో తాకి చూసి పెడతాం. ఒక నూరు పేజీల పుస్తకం కొని, పేజీకి నాలుగు గడులు గీశాను. భాగం పేరు, ఉన్న స్థితి, చేసిన పని, చూసినవారి పొట్టి సంతకం. వాడు స్క్రూడ్రైవరు పట్టాడు, నేను పెన్ను పట్టాను. కంటిశుక్లాల ఆపరేషను అయినా సన్నని తీగలు నాకు కనబడవు. చెయ్యి కూడా కొంచెం వణుకుతుంది. అందుకని టంకం వేయడం పూర్తిగా వాడిదే.

మొదట చెక్క సంగతి. ఇలాంటి విమానాలలో ఎక్కువ భాగం బాల్సా కర్ర. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ నుంచి ప్రపంచానికంతటికీ వెళ్లేది ఇదే. దూదిలా తేలిక, బరువుకు తగినదానికంటె ఎక్కువ బలం. కాని నూనె పీలుస్తుంది. పైన అతికించిన రంగు ఫిల్ము మెరుస్తూ ఉండగానే లోపల కర్ర కుళ్లవచ్చు. అందుచేత పాత ఫిల్మంతా ఊడదీశాం. ఇంజను బిగించే ప్లైవుడ్ పలకను బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగింది. ఏళ్ల తరబడి నూనె తాగి పొరలు విడిపోయాయి. మొక్కజొన్న పిండిని స్పిరిటుతో కలిపి పట్టు వేస్తే పక్కల్లో ఉన్న నూనె కొంత లాగింది. ఆ పలకను మాత్రం కోసి తీసేసి, కొత్త ప్లైవుడ్డును ఎపాక్సీతో అతికించాం. చక్రాలు బిగించే దిమ్మెలో ఒక సన్నని పగులు కూడా అప్పుడే బయటపడింది. రంగుతో మొదలుపెట్టి ఉంటే ఈ రెండూ రంగు కిందనే ఉండిపోయేవి.

ఇంజను బిగుసుకుపోయి ఉంది. రెండు రోజులు నూనె పోసి నానబెట్టి, వేడి గాలి తగిలిస్తే కదిలింది. ఇది టూ స్ట్రోక్ ఇంజను. దీని కార్బ్యురేటరులో పలుచని రబ్బరు పొరలుంటాయి. పాతబడితే అట్టలా గట్టిపడతాయి. గడ్డి కోసే మిషన్లలో వాడేది కూడా ఇలాంటి కార్బ్యురేటరే కాబట్టి, రాణిగంజ్‌లో తిరిగితే కొలతకు సరిపోయే కిట్టు దొరికింది. ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. మన పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు. 2025 నాటికి అది 20 శాతానికి చేరింది. ఇథనాల్ తేమను పీలుస్తుంది, పాత రబ్బరును పాడుచేస్తుంది. కనుక ట్యాంకు లోపలి పైపులన్నీ మార్చాం. వాడకం అయ్యాక ట్యాంకులో చుక్క కూడా ఉంచం. లీటరు పెట్రోలుకు 30 మి.లీ. టూటీ ఆయిల్ కలుపుతాం.

ప్రొపెల్లరు 22 అంగుళాలు. నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే దాని కొస వేగం గంటకు 600 కిలోమీటర్లు దాటుతుంది. మా మనవడికి ఆ లెక్క వాడిచేతనే వేయించాను. ఆ తరువాత తోలు గ్లౌజులు వేసుకోమని వాడికి మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు. విమానం తోకను తాడుతో కట్టకుండా ఇంజను తిప్పేది లేదని పుస్తకం మొదటి పేజీలోనే రాశాను.

రేడియో పాత 72 మెగాహెర్ట్జ్ రకం. నికెల్ కాడ్మియం బ్యాటరీలు పచ్చగా చిలుముపట్టి, తీగల లోపలి రాగి నల్లబడింది. వాటిని వదిలేసి 2.4 గిగాహెర్ట్జ్ సెట్టు తెచ్చాం. రెక్కలకు రెండు, తోకకు మూడు, ఇంజనుకు ఒకటి, మొత్తం ఆరు సర్వోలు కొత్తవే వేశాం. ప్లగ్గులూ తీగలూ కోఠి గుజరాతీ గల్లీలో కొన్నాం. మొత్తం ఖర్చు నా ఒక నెల పెన్షను దాటలేదు. ఈ లెక్క కూడా పుస్తకంలో ఉంది. మా కోడలు ఒకసారి అడిగి చూసింది కూడా.

ఫిల్ము అతికించడానికి ఇస్త్రీపెట్టె కావాలి. ముందు తక్కువ వేడితో అంచులు అంటించి, తరువాత వేడి పెంచి ముడతలు లాగాలి. మా ఇంటావిడ ఇస్త్రీపెట్టె రెండు నెలలు మా స్వాధీనంలో ఉంది. ఆ రెండు నెలలు నేను నలిగిన చొక్కాలతోనే తిరిగాను.

చివరిగా తూకం. విమానం బరువు ఎంత అన్నదానికంటె ఆ బరువు ఎక్కడ నిలుస్తుందన్నది ముఖ్యం. రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి సుమారు నాలుగో వంతు, లేదా కొంచెం వెనుక, ఆ విమానం తూగాలి. మా రెక్క వెడల్పు 15 అంగుళాలు. కనుక నాలుగు అంగుళాల దగ్గర ఇద్దరం చెరొక వైపు వేలికొసలతో ఎత్తి చూశాం. తోక కిందికి దిగింది. తోక బరువైన విమానాన్ని ఎంత నేర్పరి అయినా అదుపు చేయలేడు. ముక్కులో సీసం ముక్కలు బిగించి సరిచేశాం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పది కిలోల వస్తువు వేగంగా వచ్చి మనిషికి తగిలితే ప్రాణం పోతుంది. ఖాజాగూడలో ఎగరేయడమనే ప్రశ్నే లేదు. కింద జనం, పైన అంతస్తులు. 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన డ్రోన్ నిబంధనల్లో, 25 కిలోలు మించకుండా, చదువుకో వినోదానికో కంటికి కనబడే మేరలో ఎగరేసే వాటిని నమూనాలుగా నిర్వచించారు. ఆకాశాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విభజించి పటం ఇచ్చారు. ఎరుపులో కేంద్రం అనుమతి లేనిదే ఎగరేయరాదు. ఉత్తర్వులు మారుతుంటాయి కనుక ప్రతిసారీ తాజా పటం చూసుకోవాలి. మేము చేవెళ్ల అవతల ఒక రైతు బీడు భూమిని ఆయన అనుమతితో ఎంచుకున్నాం. ఎగరేసేది నేనూ కాదు, మనవడూ కాదు. ఏళ్ల తరబడి ఈ విద్యలో ఉన్న ఒక పెద్దమనిషి ఒప్పుకున్నారు.

2024 ఆగస్టులో ఒక ఆదివారం వెళ్లాం. ఆ గురువారం మనవడు వరంగల్ ఇంజనీరింగు కాలేజీలో చేరాలి. అబ్బాయి, కోడలు, మా ఇంటావిడ, టిఫిను డబ్బాలు, అందరం రెండు కార్లలో బయలుదేరాం. పక్క చేలలో గొర్రెలు కాసే పిల్లలు కూడా చేరారు. ట్రాన్స్‌మిటరు శక్తి తగ్గించి ముప్పై అడుగులు వేసి దూరం పరీక్ష చేశాం. అన్నీ పనిచేశాయి. కుడికి కర్ర జరిపితే కుడి రెక్క పలక పైకి లేచింది. అదీ సరే. తరువాత ఇంజను నడుస్తుండగా అదే పరీక్ష మళ్లీ చేశాం. తోక పలక ఒక్కసారి తనంతట తాను ఉలిక్కిపడింది. అర సెకను. మళ్లీ పది నిమిషాలు ఏమీ లేదు.

"తాతా, గాలికి కదిలి ఉంటుంది" అన్నాడు వాడు. మా అబ్బాయి "ఇంత దూరం వచ్చాం కదా నాన్నా, ఒక్క రౌండు" అన్నాడు. ఎగరేసే పెద్దమనిషి నా వైపు చూశారు. పుస్తకంలో చివరి గడిలో నా సంతకం ఇంకా పడలేదు. నేను గొర్రెల పిల్లల వైపు చూసి, పుస్తకం మూశాను. "కారణం తెలియలేదు, వాయిదా" అన్నాను. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరుగు ప్రయాణమంతా నాతో మాట్లాడలేదు. గురువారం బండి ఎక్కేటప్పుడు కాళ్లకు దండం పెట్టాడు గాని మాట మాత్రం పొడిపొడిగానే ఉంది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. వాడి వయసులో అలాంటి ఆదివారాలు ఎన్ని వస్తాయి?

మరునాటి నుంచి ఒక్కొక్క తీగ విప్పి, కదిలించి చూడడం మొదలుపెట్టాను. భూతద్దం పెట్టుకుని, రోజుకు గంట చొప్పున. తొమ్మిదో రోజున దొరికింది. రిసీవరుకు కరెంటు ఇచ్చే స్విచ్చు ప్లగ్గులో ఒక పిన్ను సరిగా నొక్కుకోలేదు. చేతితో ఊపితే ఏమీ లేదు, ఇంజను అదురుకు మాత్రం క్షణం సేపు కరెంటు తెగుతోంది. ఆశ్చర్యమేమంటే అది పాత సామాను కాదు, సీలు విప్పని కొత్త ప్యాకెట్టులోంచి తీసినది. ఆకాశంలో ఆ కరెంటు ఒక్క క్షణం ఎక్కువ తెగి ఉంటే, విమానం ఎటు పోయేదో ఎవరి చేతిలోనూ ఉండేది కాదు. ఫోటో తీసి మనవడికి పంపాను. ఏమీ రాయలేదు. ఐదు నిమిషాల్లో ఫోను చేశాడు. "తాతా, మిగతా కొత్త ప్లగ్గులు కూడా చూశావా?" అని అడిగాడు. ఆ మాటతో నా మనసు కుదుటపడింది.

దసరా సెలవులకు వాడు వచ్చాడు. ప్లగ్గులన్నీ వాడే మళ్లీ వేశాడు. వానలు వెలిసిన పొడి ఉదయం, అదే బీడులో, ఇంజను నడుస్తుండగా అరగంట సేపు పరీక్ష చేశాం. తోక ఉలిక్కిపడలేదు. వాడు సంతకం పెట్టి పుస్తకం నాకిచ్చాడు. నేనూ పెట్టాను. పుష్పక్ తొమ్మిది నిమిషాలు ఎగిరి, గడ్డి మీద మెల్లగా దిగింది. మా ఇంటావిడ అంతసేపూ పైకి చూసి మెడ పట్టేసిందని ఇప్పటికీ అంటుంది.

మిత్రులారా, మీ అందరినీ విమానాలు బాగుచేయమని నేను అనడం లేదు. మీ అటక మీద పాత రేడియో ఉండవచ్చు, కుట్టుమిషను ఉండవచ్చు, మనవడి సైకిలు ఉండవచ్చు. మనం ముప్పై ఏళ్లు ఆఫీసులలో నేర్చుకున్నది అక్కడ పనికివస్తుంది. చూడనిదే సంతకం పెట్టకూడదు. పాతదని తోసేయకూడదు, కొత్తదని నమ్మేయకూడదు. తొందరపెట్టేవారు సొంత పిల్లలైనా సరే, కారణం తేలేదాకా ఆగాలి. ఈ అలవాటును పిల్లలు చాదస్తం అంటారు. అననివ్వండి. పని చేయి పక్కన ఉండి నేర్పితే, వాళ్లే మనకంటె గట్టిగా పట్టుకుంటారు.

మా విమానం ఇప్పుడు హాల్లో గోడకు వేలాడుతోంది. మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చినట్టే, దానికీ ఏడాదికొకసారి పూర్తి తనిఖీ పెట్టాం. పుస్తకంలో ఇంకా నలభై పేజీలు ఖాళీ ఉన్నాయి. ఖాజాగూడ వైపు వచ్చినవారు దయచేసి మా ఇంటికి రండి. టీ తాగి, విమానం చూసి వెళుదురుగాని.