అబద్ధములాడు పిల్లవాడు



“మావాడు నోరు విప్పిన నబద్ధమే. మీరైనను గట్టిగా మందలింపుడు” అని తల్లిదండ్రులు గ్రామపెద్దల యొద్దకు వచ్చుట చోడవరము ప్రాంతమున క్రొత్త గాదు. విశాఖపట్టణము జిల్లాలో నుండిన యీ తాలూకా 2022లో అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా మాఱినను పిల్లల తీరు మాఱలేదు.

పదునాలుగేండ్లవాడు బడికని బయలుదేరి చెఱకుతోటల వెంట ప్రొద్దు పుచ్చి వచ్చెననుకొనుడు. తండ్రి యుపాధ్యాయుని వలన సంగతి వినియే యున్నాడు. అయినను నేమియు నెఱుగనివానివలె “నేడేమి పాఠము చెప్పినారురా?” అని యడుగును. వాడొక పాఠము కల్పించి చెప్పును. వెంటనే దెబ్బలు! ఈ కల్పనలో సగము తండ్రి చేయించినదే యని నా యభిప్రాయము. “నీవు బడికి పోలేదని తెలిసినది. ఎందుకు పోలేదు?” అని యడిగియుండిన, బొంకుటకు వానికంత చోటుండెడిది కాదు.

కొట్టిననే నిజము వచ్చునని కొందఱందురు. పశ్చిమాఫ్రికాలో రెండు బడుల పిల్లలను పరీక్షించి విక్టోరియా తల్వార్, కాంగ్ లీ అను పండితులు 2011లో ఫలితములను ప్రకటించిరి. ఒక బడిలో తప్పునకు దెబ్బలు, రెండవదానిలో మందలింపు మాత్రమే. వెనుకనున్న బొమ్మను చూడవలదని చెప్పి పెద్దలు బయటికి పోగా, రెండుచోట్లను చాలమంది పిల్లలు చూచిరి. చూడలేదని బొంకినవారు దెబ్బల బడిలోనే యెక్కువ. ఆ బొంకును తడబడక నిలుపుకొన్నవారును వారే. వారు మూడు నాలుగేండ్ల పసివారు. మన పదునాలుగేండ్ల వానికి ఆ విద్యలో మఱి పదేండ్ల యభ్యాసము కలదు.

గాంధీమహాత్ముడు రాజకోటలో చదువుకొను దినములలో స్నేహితునితో గూడి రహస్యముగా మాంసము తిని, ఇంటికి వచ్చి నాకలి లేదని తల్లితో బొంకెడివాడు. ఇట్లు సుమారొక యేడు జరిగెను. పదునైదవ యేట అన్నగారి దండకడియమునుండి బంగారపు తునుక దొంగిలించి, అన్నగారి యప్పు తీర్చెను. పిదప మనసు నిలువక తప్పు నొప్పుకొనుచు చీటి వ్రాసి, జబ్బుతో పరుండిన తండ్రికిచ్చెను. తండ్రి చదివి కన్నీరు కార్చి, చీటిని చింపివేసి మరల పరుండెను. తండ్రి తమ్మునెన్నడైన కొట్టినట్లు తనకు జ్ఞాపకము లేదనియు, ఆయనకు కలుగబోవు దుఃఖమునకే తాను భయపడితిననియు గాంధీగారు ఆత్మకథలో చెప్పుకొనిరి. అందఱు తండ్రులును కరంచందుగారు కారు, నిజమే. కాని యా చీటి వ్రాయుటకు తగిన ధైర్యము ఆ యింటిలో నెట్లు పుట్టినదో యోచింపుడు.

శిక్ష కూడదని నేను చెప్పుట లేదు. డబ్బు తీసినవాడు పనిచేసి తీర్చవలెను. బడి మానినవాడు ఆ పాఠము వ్రాసి చూపవలెను. అయితే తానుగా చెప్పినవానికి శిక్ష తగ్గవలెను, ఆ తగ్గుట వానికి కనబడవలెను. సెల్‌ఫోను ఆటలలో అప్పుపడినవాడును, ఎవరి బెదిరింపులకో లొంగినవాడును ఇంట చెప్పుకొను చోటు లేకనే దాచి, మఱింత లోతునకు దిగుచున్నారు.

కావున రచ్చబండయొద్ద నలుగురిలో వానిని నిలువబెట్టి “అబద్ధాలకోరు” అని పేరు పెట్టకుడు. ఆ పేరు ఊరిలో వానికంటె ముందు నడచును. ఒక సాయంకాలము పొలముగట్టున వెంట తీసికొనిపోయి, వాడు చెప్పువఱకు తొందరపెట్టక వినుడు. బొంకుతోబాటు దొంగతనములు, ఇల్లు విడిచిపోవుటలు, తన్ను తాను గాయపఱచుకొనుటలు కనబడెనేని వైద్యునకు చూపవలెను. 2022లో నేర్పడిన టెలిమానస్ వారికి 14416 సంఖ్యకు ఫోను చేసిన, తెలుగులోనే సలహా చెప్పుదురు.