చల్లారిన కొలిములు: మన ఉక్కు చరిత్రను గూర్చి
(ఒక పఠనమందిరపు సభలో మేము చేసిన ఉపన్యాసము)



ఒకానొకని మనస్సు చలింపనిదని చెప్పవలసి వచ్చినప్పుడు "ఉక్కు మనిషి" యందుము. ఆ ఉక్కు అను మాటయే ఓడలెక్కి, రూపు మారి, "వూట్జ్" అను పేరున పాశ్చాత్యుల శాస్త్రగ్రంథములలో నిలిచినదని పలువురు పండితుల యభిప్రాయము. మాట మనదే, ఆ మాట వెనుక నున్న పనియు మనదే. కాని ఆ పనిని పరీక్షించి, తూచి, వ్రాసియుంచిన వారిలో చిరకాలము వరకు మనవారు లేరు. ఈ లోపమును గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

పదునేడవ శతాబ్దమున గోలకొండ రాజ్యమును జూచిన తావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు, పారశీకపు కత్తులమీద నీటి అలలవలె మెరయు చారలు గోలకొండ ప్రాంతపు ఉక్కునకే తేలగలవని వ్రాసెను. వజ్రముల కొరకు వచ్చిన వాని కన్ను ఇనుపముద్దల మీద గూడ బడెనన్నమాట. దమస్కపు కత్తులని లోకమున ప్రసిద్ధి కెక్కిన ఆయుధములకు దక్షిణభారతపు ఉక్కు ముద్దలు ముఖ్యమైన ముడిసరకు. కత్తికి దమస్కము పేరు వచ్చెను. ముద్దను కరగించిన కమ్మరికి పేరే లేకపోయెను.

ఆ ముద్ద యెచ్చట పుట్టెనో చెప్పెదము. నిజామాబాదు జిల్లాలో కమ్మర్‌పల్లి సమీపమున కోనసముద్రమను గ్రామము కలదు. భూమికొలతల శాఖలో భూగర్భశాస్త్రజ్ఞుడుగా నుండి 1824లో మరణించిన హెన్రీ వాయిసీ అను ఆంగ్లేయుడు ఆ యూరికి బోయి, కొలిముల యొద్ద నిలిచి, చూచినదంతయు వ్రాసికొనెను. అది 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటింపబడెను. వేర్వేరు తావుల ఖనిజమునుండి తీసిన రెండువిధముల ఇనుమును పాలు తప్పక కలిపి, మట్టిమూసలలో నించి, మూతిని మట్టితో మెత్తి, కొలిమిలో బెట్టి, ఒక పగలు ఒక రాత్రి తిత్తులూదెడివారు. పిమ్మట మూసను మెల్లగా చల్లారనిచ్చి పగులగొట్టగా అడుగున ఉక్కుముద్ద దొరకెడిది. అది సమ్మెటకు లొంగునంత మెత్తనగు వరకు మట్టిపూత పెట్టి మరల మరల కాచెడివారు. ఆ సరకు కొరకు ఇస్ఫహాను పట్టణపు వర్తకులు అంతదూరమునుండి వచ్చి, యెదుట నిలిచి, పాళ్ళు తూయించి కొనిపోయెడివారట. తమ దేశమున నట్టి ఉక్కును చేయజూచి విఫలులైతిమని వారే వాయిసీతో చెప్పిరి.

పారశీకులకు గాని దెందులకని మీరడుగవచ్చును. ఇంచుక విచారింపుడు. ఇనుమును ఉక్కుగా మార్చునది కర్బనము, అనగా బొగ్గులోని సారము. అది మిక్కిలి తక్కువైన ఇనుము మెత్తన. నూటికి మూడు నాలుగు పాళ్ళైనచో పెళుసై విరుగును. మన ఉక్కులో నది నూటికి ఇంచుమించు ఒకటిన్నర పాలు. మైసూరు, తమిళ దేశములందు మెత్తని ఇనుముతోపాటు తంగేడు కట్టెయు పచ్చియాకులును మూసలో నుంచి ఆ కర్బనమును సమకూర్చెడివారు. ఇచ్చట తాపమాపకము లేదు, రసాయనశాల లేదు. మంట రంగును జూచి, మూసను కదల్చి లోని ద్రవపు చలనము నెరిగి, సమయమిదియని నిర్ణయించెడివారు. ఆ మూసయు సామాన్యమైనది కాదు. మట్టిలో వరియూక కలిపి చేసిన తెలంగాణపు మూసలు అంతటి వేడికి గూడ కరగక నిలుచుటకు కారణమేమని థెల్మా లోవ్ అను పరిశోధకురాలు 1980 తరువాత పరీక్షించి, కాలిన యూకయే ఆ మట్టికి లోపల బలమైనదని తేల్చినది. మనము పారవేయు ఊకలో నింత శాస్త్రమున్నది.

ఇక పాశ్చాత్యుల కథ వినుడు. 1794లో బొంబాయినుండి స్కాట్ అను వైద్యుడు ఈ ఉక్కు ముద్దలను లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షునకు బంపెను. 1795లో పియర్సన్ అను నాతడు దానిమీద తన ప్రయోగములను ప్రకటించెను. తరువాత మషెట్ అను నాతడు సామాన్యపు పోతయుక్కు కంటె దీనిలో కర్బనము హెచ్చని కనిపెట్టెను. కమ్మరి కుమారుడై పిమ్మట విద్యుచ్ఛాస్త్రమునకు మూలపురుషుడైన మైకేల్ ఫారడే సహితము స్టోడార్ట్ అను కత్తులపనివానితో గూడి 1820, 1822 సంవత్సరములలో ఉక్కు మిశ్రమములను గూర్చి వ్యాసములు ప్రకటించెను. ఆ పరిశ్రమకు మన ఉక్కే ప్రేరణము. మట్టిలో నుండు అల్యూమినా సంబంధమైన ధాతువే దీని మహిమకు హేతువని ఆయన తలంచెను. అది పొరపాటు. కాని ఆ పొరపాటునుండియే మిశ్రలోహముల నన్వేషించు మార్గము విశాలమయ్యెను. అక్కడి కమ్మరులు మన ముద్దను తమ వాడుక చొప్పున తెల్లగా కాచి సమ్మెట వేయగా, అది పొడిపొడియయ్యెను. తక్కువ వేడిమిని మెల్లమెల్లగా సాగగొట్టవలెనని వారికి చెప్పువా రెవ్వరు? ముద్ద ఓడలో బోయెను. నేర్పు మనవాని చేతిలోనే మిగిలెను.

ఆ చేతికి తరువాత ఏమి గతి పట్టెను? ఆంగ్లేయులు ఆజ్ఞచేసి మన కొలిముల నార్పిరని కొందరు సులభముగా చెప్పుదురు. మేమట్లు చెప్పజాలము. కోనసముద్రము నిజాము రాజ్యములోనిది. ఆంగ్లేయుల చట్టము లచ్చట నేరుగా చెల్లినవి కావు. నిజమైన హేతువు లనేకములు. తుపాకి వచ్చి కత్తికి విలువ తగ్గినది. పారశీకపు బేరము తగ్గినది. 1856లో బెస్సెమరు పద్ధతి వెలువడిన పిమ్మట పాశ్చాత్యుల యంత్రశాలలు ఉక్కును టన్నుల కొలది చేసి చౌకగా పంపినవి. ఓడయు రైలును దానిని మన సంతవాకిటికి దెచ్చినవి. బొగ్గునకు అడవియు దుర్లభమైనది. చేతిలో మూసెడు ఉక్కు చేయువాడు యంత్రముతో పోటీ పడుటెట్లు? పరప్రభుత్వము చేసిన అపరాధము వేరొకటి కలదు: ఇచ్చటి నేర్పును నమూనాగా గొనిపోయి పరీక్షించినది గాని, ఇచ్చటి పనివానికి చదువును పెట్టుబడిని యిచ్చి నిలువబెట్టలేదు. ఈ మాట నిజము. నిజమునకు అతిశయోక్తి తోడు అక్కరలేదు.

అయినను తప్పంతయు పరులదేనా? మన పండితులు వ్యాకరణమునకు, అలంకారమునకు, తర్కమునకు భాష్యములు వ్రాసిరి. కొలిమి యొద్దకు బోయి, "అన్నా, ఈ మూసలో నేమి పోయుచున్నావు?" అని యడిగి తాటాకున వ్రాసిన తెలుగు పండితు డెవ్వడు? కులము వేరు, పని వేరు, చదువు వేరు అయినందున, చేతికి తెలిసినది నోటికి రాలేదు, నోటికి వచ్చినది గంటమునకు రాలేదు. తండ్రి కొడుకునకు చెప్పెను. కొడుకు కూలికి బోయినప్పుడు విద్య అక్కడితో తెగిపోయెను. మంట నార్పినది చౌకసరకు; బూడిదను గూడ మిగులనీయనిది మన యుపేక్ష.

సంతోషింపదగిన విషయ మొకటి కలదు. మన కాలమున ఈ యుపేక్ష కొంత తొలగినది. జైకిషన్ అను పరిశోధకుడు ఉత్తర తెలంగాణమున ఊరూర దిరిగి, ఇనుము ఉక్కు చేసిన స్థలములను గుర్తించి 2007లో ప్రకటించెను. 2010లో బెంగుళూరిలోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారును గలసి, శారదా శ్రీనివాసన్, జిల్ జూలెఫ్ మొదలగువారి యాధిపత్యమున నిజామాబాదు, కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములను శోధించి, రెండువందలకు పైబడిన స్థలములను నమోదు చేసిరి. చిట్టెపు దిబ్బలు, పగిలిన మూసలు, కొలిమి గోడల పెంకులు వారికి శాసనములైనవి. అక్షరము లేని జాతికి చిట్టెమే తాళపత్రము.

ఆ తాళపత్రము నేడు చిరిగిపోవుచున్నది. చిట్టెపు దిబ్బ రైతునకు పొలములో నడ్డు. గుత్తదారునకు బాటమీద పోయుటకు కంకర. ఒక్కదినమున నొక యంత్రము వేయేండ్ల సాక్ష్యమును తుడిచి వేయగలదు. తుడిచినవాడు ద్రోహి కాడు. అది యేమో అతనికెవ్వరును చెప్పలేదు. చెప్పవలసినవారము మనము.

"మా తాతలు నేతులు త్రాగిరి, మా మూతులు వాసన చూడుడు" అను సామెత మీ రెరుగుదురు. దమస్కపు కత్తిని దలచి మీసము దువ్వుటకు మే మీ సభకు రాలేదు. గొప్ప చెప్పుకొనువాడు ఋజువు చూపవలెను. ఋజువు పొలములో నున్నది. మీలో నుపాధ్యాయులు కలరు, విద్యార్థులు కలరు. మీ గ్రామపు పొలిమేరలో నల్లని బరువైన రాయి, గాజుపూత పట్టిన పెంకు కనబడినచో దానిని కదల్పక, తావును వ్రాసియుంచి, పురావస్తు శాఖవారికి తెలియజేయుడు. వృద్ధులైన కమ్మరులు మిగిలియున్నచో వారి యొద్ద కూర్చుండి, వారి మాటలలోనే వారి పనిముట్ల పేరులను, పద్ధతులను వ్రాసికొనుడు. ఈ పఠనమందిరమున నొక పుస్తకము తెరచి, అందు వానిని చేర్చుడు.

వాయిసీ కోనసముద్రమునకు బోయినది రెండువందల యేండ్ల క్రిందట. ఆయన యడిగిన ప్రశ్నలు మన మూరివారు అడుగవలసినవి. ఆలస్యమైనది నిజమే. కాని కొలిమి చల్లారినను చిట్టె మింకను మిగిలియున్నది. అదియు పోకమునుపే యడుగుదము.